పదిలో ఎంత?

1974 జూన్ 3, సోమవారం

హైదరాబాదు నుంచి మా బొగ్గుబావుల ఆసుపత్రికి డాక్టర్ నర్సింగం వచ్చాడు, ట్రంకు పెట్టె నిండా ఫారాలతో. ఇక బాగుకారని తేలిపోయినవాళ్ళ నొప్పి మీద స్టడీ అట. మార్ఫిన్ మిక్స్చర్ సగం మందికి నాలుగు గంటలకోసారి గడియారం చూసి ఇవ్వాలి. మిగతా సగానికి, రోగి తన నోటితో అడిగితేనే. ఎవరు ఎటో చీటీ తేలుస్తుంది. రోజుకు మూడుసార్లు నేను మంచం దగ్గరికి వెళ్ళి, నొప్పి పదిలో ఎంత అని అడిగి అంకె వేయాలి. నాకు కనిపించింది కాదు, వాళ్ళు చెప్పింది. సంతకం పెట్టాను.

నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. మా చివరి వార్డు వైపు రౌండ్సుకు కూడా ఎవరూ సరిగ్గా రారు.

జూన్ 5

సదయ్యకు 'అడిగితేనే' చీటీ వచ్చింది. బొగ్గుబావిలో టింబర్ పని, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ఊపిరితిత్తుల్లో కేన్సర్, పక్కటెముకలకు పాకింది. అతనికి మాత్రం నిమ్ము అని చెప్పారు. నిజం భార్య లింగవ్వకు తెలుసు. ఆయనకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది, తన తల మీద చెయ్యి పెట్టించి మరీ.

నొప్పి ఎంత ఉందని సదయ్యను అడిగాను. ఏం లేదు సిస్టరమ్మా, మంచిగనే ఉన్న అన్నాడు. సున్నా.

జూన్ 7, ఉదయం 11

తువ్వాల నోట్లో కుక్కుకుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున తీసి నవ్వాడు. చెమటకు దుప్పటి తడిసిపోయింది. ఏం లేదన్నాడు. సున్నా వేశాను. నా చెయ్యి విరిగిపోను.

జూన్ 8

సున్నా. సున్నా. సున్నా.

జూన్ 11

ఎందుకు దాస్తున్నావని గట్టిగా అడిగాను. గీ కాయితం కంపెనీ ఆఫీసుకు పోతది, నాకెర్కలేదా అన్నాడు. నొప్పి అని రాస్తే మెడికల్ బోర్డుకు పిలుస్తరట, అన్‌ఫిట్ కొడతరట, క్వార్టర్ ఖాళీ చెయ్యాలె అట. పక్క లైనులో మొగిలిని గట్లనే పంపిండ్రట. తను నిమ్ము తగ్గంగనే ఫస్ట్ షిఫ్టుకు పోతాడట.

ఇది హైదరాబాదుకు పోయే కాగితమని ఎంత చెప్పినా నవ్వుతాడు. నంబరూ ముద్రా ఉన్న కాగితం ఆఫీసుకు పోకపోవడం అతను పుట్టి ఎరగడు.

డ్యూటీ కోసం ఓర్చుకుంటున్నాడు. ఎప్పటికీ ఎక్కని డ్యూటీ కోసం.

జూన్ 13

సదయ్యను గడియారం వాళ్ళలోకి మార్చమని డాక్టరును అడిగాను. ఒక్కరిని మార్చినా స్టడీ మొత్తం పాడన్నాడు. పైగా ఆ సున్నాల షీటు చూసి మురిసిపోయాడు. సిటీ పేషెంట్లు రోజుకు ఐదుసార్లు అడుగుతారట. బొగ్గుబావి పనివాళ్ళకు నొప్పి ఓర్చుకునే టాలరెన్స్ ఎక్కువ, ఇది ఇంపార్టెంట్ ఫైండింగ్ అన్నాడు. అతను నొప్పి దాస్తున్నాడని చెప్పకుండానే షీటు తిరిగి తీసుకున్నాను. పిరికిదాన్ని.

లింగవ్వనైనా ఒప్పిద్దామని వెళ్ళాను. అతను నోరు తెరిచి అడిగితే తప్ప ఇవ్వలేను, అడగాలంటే నిజం తెలియాలి అన్నాను. చెప్పకు బిడ్డా, ఇన్నంక ఆయన పానం ఆగది అని నా చేతులు పట్టుకుంది.

చీటీ డాక్టరుది, ఒట్టు ఈమెది, సున్నా అతనిది. మందు బీరువా తాళంచెవి మాత్రం నా జేబులో ఉంది.

జూన్ 15, మధ్యాహ్నం 2

చెప్పేశాను. లింగవ్వ బట్టలు ఉతకడానికి నల్లా దగ్గరికి వెళ్ళినప్పుడు.

అది నిమ్ము కాదు కాకా, నువ్వు మళ్ళీ బావి దిగవు, ఇక దాచుకుని లాభం లేదు, అడుగు, ఇప్పుడే ఇస్తానన్నాను. లింగవ్వకు ఎర్కేనా అన్నాడు. తెలుసన్నాను. నాకు ఎర్కలేదనే అనుకుంటున్నదా అన్నాడు. అవునన్నాను.

అయితే మందు వద్దన్నాడు. ఇన్నొద్దులు ఏం లేదన్నోణ్ణి ఇయ్యాల అడిగితే దానికి సమజైతది, ఇగ అది బువ్వ ముట్టది, నువ్వు సున్నానే వెయ్యి బిడ్డా అన్నాడు.

వేశాను. స్టోర్ రూములోకి వెళ్ళి ఏడ్చాను. నేను సాధించిందేమిటి? మళ్ళీ షిఫ్టుకు పోతానన్న ఆశ ఒకటి అతనికి ఉండేది. అదీ లాక్కున్నాను.

జూన్ 16

సున్నా. సున్నా. మూడోసారి మంచం దగ్గరికి వెళ్ళలేదు. అడగకుండానే సున్నా వేశాను.

జూన్ 17, సాయంత్రం 4

లింగవ్వ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. నాకు నొస్తున్నది బిడ్డా, నా నోటితోని నేనే అడుగుతున్న, ఆ మందు నాకియ్యి అంది. ఎక్కడ అన్నాను. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుంది. పదిలో ఎంత అన్నాను. పది అంది.

గ్లాసులో పోసి ఇచ్చాను. ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని అతని మంచం వైపు నడిచింది.

కొత్త ఫారం తీశాను. పేరు లింగవ్వ. నొప్పి పది. రోగం అన్న గడిలో సదయ్య అని రాశాను.