మూడిండ్ల ముందట ఒకటే ముగ్గు

మంగళవారం రాత్రి, చిలకలగూడ

నిద్ర పడ్తలేదు. ఎదురింటి సుజాతక్క వాళ్లింట్ల నిన్న రాత్రి దొంగలు పడ్డరు.

వాళ్లు తిరుపతి పోయేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకొని ఒక్కటే అడిగింది. "మా వాకిట్ల రోజూ జెర ముగ్గెయ్యి చెల్లే. ముగ్గు లేకుంటే ఇంట్ల ఎవ్వరు లేరని తెల్సిపోతది." పక్కింటోళ్లు సుత ఊరికి పోతూ గదే చెప్పిన్రు. రోజూ పొద్దుగాల మా వాకిలితోపాటు ఆ రెండు వాకిళ్లూ ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గేసిన. ఒక్కరోజు సుత తప్పలె.

పొద్దున పోలీసాయన వచ్చి గల్లీ అంతా చూసిండు. "మూడిండ్ల ముందట ఒకటే ముగ్గు ఏందమ్మా? అన్నీ ఒక్కతే ఏస్తున్నదని చూసినోడికి తెల్వదా?"

అమ్మ నేర్పిన తామరపువ్వు ముగ్గు. నాకొచ్చిందే అదొక్కటి.

ఫోన్‌ల అక్క ఏడుస్తనే "నీ తప్పేమున్నది చెల్లే" అన్నది. నాలుగు తిట్టినా బాగుండు.

మా ఆయనది లాలాగూడల నైట్ డ్యూటీ. ఈ మూడిండ్లల్ల మనిషున్న ఇల్లు మాదొక్కటే. ఆ సంగతి దొంగలకు నా ముగ్గే చెప్పింది.

పక్కింటికి ఇంకా తాళమే ఉన్నది. తెల్లారితే ఆ వాకిట్ల ముగ్గు పడాలె. వంటింటి బండ మీద చాక్‌పీసుతోని వేరే ముగ్గులు ఏసి చూస్తున్న. ఎడమచేత్తోని సుత ఏసిన. ఎట్ల తిప్పినా తామరపువ్వే అయితున్నది.

ఇంకొక ఆడమనిషి చెయ్యి యాడికెల్లి తేవాలె?