బుట్టలో పెట్టిన ఫోను

సిరిగేరి,
3 ఫిబ్రవరి 2026.

అమ్మకు యశోద నమస్కారాలు.

ఈ నెల ఇరవయ్యయిదో తేదీ దాటితే నేను చేసిన ఒక తప్పును వెనక్కి తీసుకునే దారి ఉండదు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పడానికి భయంగా ఉంది. దాని పక్కన మాట్లాడాలంటేనే ఇప్పుడు నాకు అనుమానం. నేను నేర్పిన అక్షరాలే కదా, నిదానంగా నువ్వే చదువుకో. కాఫీతోటలో ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వూ నాయనా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అవ్వ సరిగ్గా తింటోందా అని అడిగావు. రొట్టె సగం తిని, సగం మేకకు పెడుతోంది. దగ్గు తగ్గింది.

ఆ బెంగళూరు వాళ్లకు మన కొరవ మాటతో ఏం పని అని కూడా అడిగావు. వాళ్ల తరఫున ఇక్కడికి వచ్చే కేశవ సార్ చెప్పింది రాస్తాను. మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న భాషలను కంప్యూటర్‌కు నేర్పుతారట. ముసలివాళ్లు పోయాక కూడా అది మాట్లాడుతుందట, పిల్లలకు నేర్పుతుందట. దానికి ఎన్నో గంటల మాటలు కావాలి. అందుకే నన్ను పనిలో పెట్టుకుని, రికార్డు చేయడానికి ఫోను ఇచ్చారు. అవ్వ మొదట ఒప్పుకోలేదు.

"మా నాయన కాలంలోనూ ఒకాయప్ప ఠాణా నుంచి వచ్చి మన మాటలు రాసుకోని పొయినాడు. ఆమీట మా నాయన దినామూ పొయ్యి వేలిముద్ర ఏసి రావాల్సొచ్చె" అంది.

ఇది పోలీసుల పని కాదని నేనే నచ్చజెప్పాను. వెదురు చీల్చడం, తట్టలు అల్లడం, వంటావార్పూ అన్నీ చెప్పింది. బుట్ట మాటలు మాత్రం అడగొద్దంది. నీకు తెలిసిందే, ఎరుక చెప్పే ముందు బుట్ట మీదికి వంగి తల్లిని పిలిచే మాటలు, అయ్యాక సాగనంపే మాటలు. బుట్ట చేతులు మారే రోజున కోడలి చెవిలో తప్ప అత్త వాటిని ఎవరికీ చెప్పదు. ఈ ఉగాదికి అవి నీ చెవికి రావాలి.

పోయిన నెల పదహారున సార్ వచ్చారు. వాకిట్లో కూర్చుని, "అవ్వా, నీ గొంతు నువ్వే విను" అని ల్యాప్‌టాప్ తెరిచారు. అచ్చం అవ్వ గొంతే. ఆమె ఎన్నడూ అనని మాటలు కూడా అంటోంది. తట్టల సంగతి చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి బుట్ట మాటలు మొదలుపెట్టింది.

"ఎవురే అది లోపల?" అంది అవ్వ.

"నువ్వే అవ్వా! మిషన్ నేర్చుకుంది" అని సార్ నవ్వారు.

"తల్లిని పిలుస్తాండాది గదప్పా! పిల్చినాక సాగనంపల్ల. ఈ పెట్టె సాగనంపుతాదా?"

సార్‌కు అర్థం కాలేదు. ఇంకోసారి వినిపిస్తానన్నారు.

"సుమ్నే ఉండప్పా! ఎన్నితూర్లు పిలుస్తావు? వచ్చినామె యాడ కూచోవల్ల, నీ కార్లోనా?"

పక్కింటి హొన్నప్ప నవ్వాడు. అవ్వ నవ్వలేదు. సార్ దొంగతనంగా మాటలు ఎత్తుకుపోయారని వీధంతా చెప్పింది. ఆ రోజు నుంచి ఇంట్లో మన మాట మానేసింది. మేకను అదిలించడం కూడా తెలుగులోనే. నేను మన మాటలో ఏదైనా అడిగితే, "ఆ పెట్టెకు ఇంగా నేర్పియ్యాల్నా?" అని తెలుగులో జవాబిస్తోంది.

అమ్మా, సార్ దొంగ కాదు. హొన్నప్ప మనవడికి జ్వరమొచ్చిన పొద్దున, వాడికి ఎరుక చెప్పే ముందు అవ్వ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, బుట్టలో గుడ్డ కింద ఫోను పెట్టింది నేనే. సాగనంపే మాటలు రాకముందే అది నిండిపోయి ఆగింది. ఏమీ చెప్పకుండా మిగతావాటితో కలిపి పంపేశాను. నాకు గంటలు తక్కువ పడ్డాయి. అదొక్కటే కాదు, ఆ మాటలు వినాలని నాకూ ఆశ ఉండింది. నువ్వు తోటలో ఉండగా అవ్వకు ఏమైనా అయితే అవి పోతాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీకు రావలసినవి నీకంటే ముందు ఎవరెవరి చెవినో పడ్డాయి. అవ్వ సార్‌ను తిడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను.

నిన్న సార్‌కు నిజం చెప్పాను. ఇరవయ్యయిదు లోపల కాగితం ఇస్తే ఆ మాటలు తీసేస్తారట. అవ్వకు వినిపించింది నమూనాయేనట. ఆ తర్వాత అసలు మిషన్‌లో అన్నిటితో కలిసిపోతాయట, విడదీయడం వాళ్ల చేత కాదట. తీసేశారని మాకెలా తెలుస్తుందని అడిగాను. మెయిల్ వస్తుందన్నారు. మెయిల్ పంపడానికి ఎంతసేపు? ఇంకెక్కడా నకలు లేదని ఎవరు చూసొచ్చారు? సార్ మంచివారే. కానీ ఆ సంగతి ఆయనకూ తెలియదేమో అనిపించింది. అయినా ఆ కాగితం తప్ప మనకు వేరే దారి లేదు.

దాని మీద అవ్వ వేలిముద్ర గానీ, తర్వాత బుట్ట అందుకునేవాళ్ల సంతకం గానీ ఉండాలి. అవ్వ ఆ కాగితాన్ని ముట్టుకోదు. అందుకే ఇందులో పెట్టి నీకు పంపుతున్నాను. సంతకం చేసి, ఇరవయ్యో తేదీ లోపల నాకు చేరేలా పంపు. చేయనంటే అదైనా రాయి. అవ్వకు నిజం మాత్రం నేనే చెబుతాను, ఈ ఉత్తరం పోస్టులో వేసి రాగానే.

నన్ను తిట్టాలనిపిస్తే మన మాటలోనే, తెలుగు అక్షరాలతో తిట్టి రాయి. అది ఇంట్లో వినబడి పద్దెనిమిది రోజులైంది. ఆ తిట్లు అవ్వ ముందు నిలబడి గట్టిగా చదువుతాను. ఇరవయ్యో తేదీ లోపల, అమ్మా.

ఇట్లు,
నీ నమ్మకం పోగొట్టుకున్న కూతురు,
యశోద