ఏడో కుర్చీ సందేహం

కౌంటీ జడ్జి గారికి నమస్కారాలు.

మీ కోర్టులో జ్యూరీకి పిలిచిన పన్నెండు మందిలో ఏడో కుర్చీ నాది. కాస్త గట్టిగా మాట్లాడమని మీరు రెండుసార్లు చెప్పింది నాకే. ఎదురుగా అడగలేక రాస్తున్నాను.

"తీర్పు వచ్చేదాకా ఈ కేసు గురించి ఎవ్వరితోనూ మాట్లాడొద్దు, ఇంట్లోవాళ్లతో కూడా" అన్నారు మీరు. నేను మాట తప్పలేదు. మా ఆయన వెర్లిన్ రోజూ భోజనం దగ్గర, "మొక్కజొన్న కొట్టు తగలబెట్టినవాడి కేసేనా? అవునైతే నోరు విప్పక్కర్లేదు, ఆ బంగాళాదుంపలు ఇటు జరుపు చాలు" అంటాడు. నాలుగు రోజులుగా ఆయనే లేచి వచ్చి వడ్డించుకుంటున్నాడు.

బుధవారం చర్చి ప్రార్థన కూటంలో "ఒక మనిషి కోసం ప్రార్థించండి" అన్నానంతే. ఆడవాళ్లంతా కళ్లు తెరిచారు. "ఎవరమ్మా? మనకు తెలిసినవాడేనా? పేరు చెప్పకపోతే దేవుడికెలా తెలుస్తుంది?" అంది పాస్టరు గారి భార్య ఆర్డిస్. కేకు సగంలో వదిలేసి వచ్చేశాను.

అప్పుడే సందేహం పట్టుకుంది. ఎవ్వరితోనూ అంటే దేవుడితో కూడానా? అప్పటినుంచి మోకరించి, వాన గురించీ వెర్లిన్ నడుంనొప్పి గురించీ చెప్పుకుని లేచిపోతున్నాను. ఆ ముద్దాయి తల్లి రోజూ ముందు బల్ల మీద కూర్చుని నన్నే చూస్తుంది. నేను నా చేతిసంచిని చూసుకుంటాను.

సోమవారం మేం తలుపులు వేసుకుని తేల్చాలి. ఆ మనిషి ఇంటికి వెళ్లాలో జైలుకు వెళ్లాలో చెప్పాలి. పైవాడిని అడగకుండా ఆ మాట నా నోట రాదు. దయచేసి ఆదివారం లోపు అనుమతి ఇప్పించండి.

దేవుడు ఎవరికీ చెప్పడు. ఆ పూచీ నాది.

భయభక్తులతో,
ఏడో కుర్చీ