ఆయన పేరు మీద నా మాట

ఆళ్లగడ్డ, 1958 మార్చి, శుక్రవారం

నంద్యాల బంగళాలో ఈ పొద్దు పరువు పోయిందని మా ఆయన అన్నం ముట్టలేదు. మన దేశానికి అప్పిచ్చే బ్యాంకు దొర వచ్చినాడంట. ఈ సీమకు ముందు ఏది కావాలో ఇంటింటి అభిప్రాయాలు ఆయనకు చదివి వినిపించినారంట. మా ఆయన లేచి కాలువ కావాలన్నాడు. కాగితంలో మాత్రం ఆయన పేరు మీదనే మంచినీళ్ల బావి అని ఉంది. అందరూ నవ్వినారంట.

పోయిన వారం గ్రామసేవిక ఇంటికొచ్చి ముందు ఏది కావాలని అడిగితే బావి అన్నది నేనే. ఇంటి యజమాని పేరు అడిగింది. మొగుని పేరు నేను పలకకూడదని పక్కింటి సుబ్బమ్మతో చెప్పించినా. ఆ సంగతి ఈ పొద్దు చెప్తే మా ఆయన మండిపడినాడు.

"కాలువొస్తే పన్నొస్తాది, దొర అప్పు తీరుతాది. బావికెవడిస్తాడే దుడ్లు? రేపు ఆ గ్రామసేవిక దగ్గరికి పోయి, తెలీక చెప్పినానని చెప్పు."

"దిగుడుబావి నీళ్లు తాగి పాప కాలికి నారికురుపు లేసింది. నాకు తెలీదా?"

"నాకే ఎదురు చెప్తాండావా?" అని అరుగు మీదికి పోయి పడుకున్నాడు.

రేపు పోతా. మాట మార్చను. ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయమంటా. తిరిగొచ్చి ఆయన ముందర ఎట్ల నిలబడాలో మాత్రం...