ముప్పై అయిదో అధ్యాయం చివరి వచనం

కళింగపట్నం,
డిసెంబరు 10.

అయ్యకు ప్రభువు పేరిట నీలవేణి వందనాలు. దేవుని దయవల్ల నేను, అమ్మ, నాయనమ్మ ఇక్కడ బాగానే ఉన్నాం. నిన్నూ, నీ బోటులో ఉన్న ఎనిమిది మందినీ ప్రతి పొద్దూ ప్రార్థనలో తలుచుకుంటున్నాం. ఈ ఉత్తరం గుజరాత్‌లో వెరావల్ చేరేసరికి నువ్వు వేటలోనే ఉంటావు. బోటు ఓనరు గారి షెడ్డులో నీ పేరు మీద ఉంచమని కవరు పైన రాశాను. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. తొందరపడకుండా కూడబలుక్కుని చదువు. వేరేవాళ్ళ చేత మాత్రం చదివించుకోకు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అనుకుంటావు. నువ్వు ఒడ్డుకొచ్చి ఫోను చేసినప్పుడల్లా అమ్మ స్పీకరు పెడుతుంది. చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళందరూ చుట్టూ మూగుతారు. ఈ సంగతి అలా చెప్పేది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పైకప్పు రేకు మార్చారు, ఇప్పుడు కారడం లేదు. శ్రీకాకుళం బస్సు ఏడింటికే వస్తోంది, బి.ఇడి. క్లాసులకు ఆలస్యం కావడం లేదు. ఈ నెల నెత్తళ్ళు బాగా పడ్డాయి, చేపలు ఆరడానికి ఎండ కూడా బాగుంది. నాయనమ్మకు చూపు ఇంకా తగ్గింది. మనిషిని గొంతును బట్టే పోల్చుకుంటోంది. ఆపరేషను మాట ఎత్తితే, "సూడవలసిందంతా సూసేసినాను, ఇంకేటున్నాది," అంటోంది.

మన చదువు నడుస్తోంది. వేట నిషేధమని బోట్లు కట్టేసిన రెండు నెలల్లో నీకు అక్షరాలు నేర్పినప్పుడు మనం అనుకున్నట్టే, ఆదికాండం రోజుకు పది వచనాలు. నువ్వు అక్కడ, నేను ఇక్కడ. ఇసక మీద వలలు పరిచి చేపలు పోసిన తరువాత, ఎండ ముదరకముందు, నాయనమ్మ పక్కన కూర్చుని చదువుతున్నాను. ఒక్కో రోజు మిగతా ఆడవాళ్ళూ వచ్చి కూర్చుంటారు. చదివాక ఆ రోజుకి నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. నోవహు కథ చదివిన రోజున తులసత్త అడిగింది, "నలభై రోజులు వానైతే ఆ ఊరోళ్ళ ఎండుసేపలేటయ్యాయే?" అని. అందరూ నవ్వారు. "మునిగినోళ్ళంతా మడుసులే గానీ సేపలకేటీ అవనేదు, సూడు. తప్పు సేసింది మనమేనన్నమాట," అని నాయనమ్మ అంది. నేను రాసిపెట్టుకున్న నాలుగు మాటల కంటే అదే బాగుంది. అబ్రాహాము ఎక్కడికో తెలియకుండానే ఊరు వదిలి బయలుదేరిన భాగం చదివిన రోజు మాత్రం అందరూ తలలు వంచుకుని వలల మీద చేపలు సర్దారు. ఆ ఆడవాళ్ళ ఇళ్ళన్నిటి నుంచీ ఎవరో ఒకరు గుజరాత్ బోట్ల మీదో మంగుళూరు బోట్ల మీదో ఉన్నారు.

ఇక నీ ప్రశ్న. నీ ఉత్తరం నవంబరు పదో తేదీన అందింది. పదకొండు వరుసలు నువ్వే రాశావంటే అమ్మ నమ్మలేదు. "ఇస్సాకు గుడ్డోడు. గొంతు యాకోబుదని పోల్చినాడు గదా. మరేల దీవించినాడు?" అని రాశావు, ఏశావుకి ఇవ్వాల్సిన దీవెనను తమ్ముడు యాకోబు అన్నలా నటించి తండ్రి చేత ఇప్పించుకున్న భాగం గురించి. పాస్టరు గారిని అడిగాను. దేవుని సంకల్పం అన్నారు. అది నిజమే అయి ఉంటుంది. కానీ నువ్వు అడిగింది దేవుడి గురించి కాదు, ముసలాయన గురించి. దానికి జవాబు నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. అది ఎలా తెలిసిందో రాయాలంటే నేను చేసిన రెండు తప్పులు చెప్పాలి.

మొదటిది. నవంబరు చివర్లో ముప్పై అయిదో అధ్యాయం ముగించాం. దాని చివరి వచనం నేను చదవలేదు. కనబడనట్టు దాటేసి, "ఇవాళ్టికి ఇంతే నాయనమ్మా," అని పుస్తకం మూసేశాను. నువ్వు ఈపాటికి ఆ వచనం దాటే ఉంటావు. ఇస్సాకు నిండు వృద్ధుడై చనిపోయాడనీ, ఏశావూ యాకోబూ ఇద్దరూ కలిసి ఆయన్ని పాతిపెట్టారనీ అందులో ఉంది. ఒకప్పుడు తమ్ముణ్ణి చంపాలనుకున్న అన్న, భయపడి పారిపోయిన తమ్ముడు, ఇద్దరూ. నాయనమ్మ ముందు అది చదవడానికి నాకు నోరు రాలేదు.

తాతయ్యని పాతిపెట్టిన రోజున నాకు పద్నాలుగేళ్ళు అయ్యా. నువ్వు మరిచిపోయావని అనుకోను. తాతయ్య పోయిన మధ్యాహ్నం సూరయ్య చిన్నాన్న మంగుళూరులో ఉన్నాడు. రెండు రోజులు ఆపమని ఫోనులో ఏడ్చాడు. తాతయ్య బాప్తిస్మం తీసుకున్నవాడు కాబట్టి సమాధి చర్చి పద్ధతిలోనే జరగాలన్నావు. అందులో తప్పు లేదు. చిన్నాన్న వస్తే చుట్టాలందరినీ కూడగట్టి పాత పద్ధతిలో చేయిస్తాడేమోనని భయపడ్డావు. అందుకే ఆ సాయంత్రమే మట్టి వేశావు. మూడో రోజు చిన్నాన్న వచ్చి మన గుమ్మంలో నిలబడి అన్న మాట నాకు ఇంకా వినిపిస్తోంది. "సేపని పది దినాలు ఐసులో ఉంచుతామే. అయ్యని రెండు దినాలు ఉంచనేకపోయావేట్రా," అన్నాడు. నువ్వు తల దించుకుని ఉంటే బాగుండేది. "ఎళ్ళు. నాకు తమ్ముడు లేడు," అన్నావు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆరేళ్ళయింది. ఫోను నంబరు మారింది. ఏ బోటు మీద ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో మనకు తెలియదు.

ఇది నీకు నేర్పడానికి రాయడం లేదు. నేను దాటేసిన వచనం ఎందుకు దాటేశానో నీకు తెలియాలని రాస్తున్నాను.

రెండో తప్పు పెద్దది. ఆ తరువాత యోసేపు కథ వచ్చింది. అన్నలు తమ్ముణ్ణి అమ్మేసి, అతని అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి తండ్రికి చూపిస్తారు. కొడుకు పోయాడని నమ్మి యాకోబు ఎవరు ఓదార్చినా వినడు. ఏడుస్తూనే సమాధికి పోతానంటాడు. అది చదివిన రోజు నాయనమ్మ అన్నం ముట్టలేదు. మరునాడూ అంతే. అమ్మ గంజి పెడితే మూతి తిప్పుకుంది. "ఆయనకి అంగీ అయినా దొరికింది," అని ఒక్క మాట అని పడుకుంది.

మూడో రోజు పొద్దున నీ ఉత్తరం మళ్ళీ చదవమంది. నీ ఉత్తరం ఇప్పటికి పదిసార్లైనా చదివించుకుంది, ఏ వరుస తరువాత ఏముందో నోటికి వచ్చు. పదకొండు వరుసలూ చదివాను. కాగితం వెనక్కి తిప్పాను. అక్కడ ఏమీ లేదు. "నాయనమ్మా, వెనకాల ఇంకో రెండు వరుసలున్నాయి, ఇన్నాళ్ళూ చూడలేదు," అన్నాను. నువ్వు రాసినట్టుగా చదివాను. "అమ్మా, నా తమ్ముడు సూరయ్య ఇక్కడే వేరే బోటులో ఉన్నాడని ఒకతను చెప్పాడు. బాగున్నాడట." ఖాళీ కాగితం చూస్తూ చదివాను అయ్యా. గొంతు కూడా వణకలేదు.

 నాయనమ్మ చెయ్యి చాపి నా తల నిమిరి, "గంజి తేయే," అంది. రెండు గిన్నెలు తాగింది. ఆ సాయంత్రం తడుముకుంటూ వచ్చి నెత్తళ్ళలో పెద్దవి ఏరి గోనెసంచిలో కట్టమంది. ఎవరికని తులసత్త అడిగితే, "సిన్నోడికి. ఆడికి ఇవంటే పేణం," అంది. "ఓలప్పా, సూరయ్య దొరికినాడేటి?" అని అరిచింది తులసత్త. గంటలో వీధంతా తెలిసిపోయింది. అమ్మ నా వంక చూసింది. నేను అటు తిరిగి చేపలు తిరగేస్తూ కూర్చున్నాను.

మూడు రోజులు వాక్యం చదివాను గానీ నాలుగు మాటలు చెప్పలేకపోయాను. ఒక సంగతి మాత్రం పదే పదే తగిలింది. మేక తోలు కప్పుకుని తండ్రిని మోసం చేసింది యాకోబు. మేక రక్తంతో అదే యాకోబుని మోసం చేసింది అతని కొడుకులు. యాకోబు ముందు చూపు లేని తండ్రి, నా ముందు చూపు లేని నాయనమ్మ. ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళలో చదువు వచ్చింది నాకే కదా. కాగితం మీద ఉన్నది నేను చదివితేనే ఉన్నట్టు, నేను దాటేస్తే లేనట్టు. ఇంత బలం ఉందని తెలియకుండానే వాడేశాను. నువ్వు ఒడ్డుకొచ్చి ఫోను చేస్తే నాయనమ్మ మొదట అడిగేది ఆ మాటే. నువ్వు ఏమంటావు? నిన్ను కూడా అబద్ధంలోకి లాగాను.

నాలుగో రోజు పొద్దున చదవడానికి కూర్చుని పుస్తకం తెరవకుండా చెప్పేశాను. కాగితం వెనక ఏమీ లేదని చెప్పాను. ఆమె కళ్ళు సముద్రం వైపే ఉన్నాయి.

"నాకు తెలుసే గుంటా," అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు సదివినప్పుడే. మీ అయ్య ఆణ్ణి తమ్ముడని ఆరేళ్ళయి అన్నాడేటి? 'ఆడు' అంతాడు. నోటితో అననోడు కాగితం మీదెట్టా అంతాడు?"

నాకు ఏడుపొచ్చింది. "మరి తెలిసీ గంజి ఎందుకు తాగావు నాయనమ్మా?"

"నువ్వు ఏడుపు మింగుకుని సదివినావు కదే. నా కడుపు కాలతందని నీ కడుపు కాలింది. అది నిజమే కదా. అది ఇని తాగినాను." అక్కడి నుంచి నువ్వు అడిగిన ఇస్సాకు మాట ఎత్తింది. "ఆ ముసలాయనకి కళ్ళు నేవు గానీ సెవులు నేవేటి? బిడ్డ దీవెనకి అంత ఆకలి మీద వచ్చిందని తెలిసినాక ఎట్టా పొమ్మంతాడు?"

నీ ప్రశ్నకు జవాబు ఇదే అయ్యా. ఇది సరైన జవాబో కాదో నాకు తెలియదు. పాస్టరు గారికి ఇంకా చెప్పలేదు. కానీ ఇస్సాకు మోసపోయాడని మనం అనుకున్నాం. తెలిసే దీవించాడేమోనని నాయనమ్మ అంటోంది.

అయితే ఆమె నన్ను ఊరికే వదిలేసిందని అనుకోకు. "తాగినాను గదాని అది నిజమయిపోదు. తులసికి, అందరికీ నువ్వే సెప్పు," అంది. ఆ రోజే అందరి ముందూ చెప్పాను. తులసత్త తన తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది, అదే ఎక్కువ గుచ్చుకుంది. నెత్తళ్ళ సంచీ మాత్రం విప్పనివ్వలేదు నాయనమ్మ. "ఆడు దొరికినాడని కట్టనేదే. దొరికితే ఉంటాదని కట్టినాను," అంది.

ఇంకేమైనా దాచావా అని అడిగింది. అప్పుడు ముప్పై అయిదో అధ్యాయం చివరి వచనం చదివాను. ఇద్దరూ కలిసి పాతిపెట్టారన్న చోట ఆపమంది. మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీ తాతని పాతిన రోజు మీ అయ్యని నానూ ఆపనేదే. రెండు దినాలు ఆగరా అని ఒక్క మాట అంటే ఆగేవోడు. అననేదు. సిన్నోడొస్తే ఏటవుతాదోనని నాకూ బయమే," అంది.

ఇన్నేళ్ళూ అందరం నిన్నే అన్నాం అయ్యా. నేనూ మనసులో నిన్నే అన్నాను. అందుకు క్షమించు.

వెరావల్‌లో మన జిల్లా వాళ్ళు ఎంతమంది ఉన్నారో నువ్వే చెప్పేవాడివి. ఇన్ని సీజన్లలో ఎవరినైనా ఒక్కసారి అడిగావా అన్నది నాకు తెలియదు. అడిగే ఉంటే ఆ మాట రాయి. అడగకపోయినా ఆ మాటే రాయి. నువ్వు ఏది రాస్తే అదే చదువుతాను. ఒక్క అక్షరం కలపను, దాటెయ్యను. చిన్నాన్న దొరుకుతాడని ఆదికాండం మనకు మాట ఇవ్వలేదు. పోయాడనుకున్న యోసేపు చివరికి బతికి దొరికాడు గానీ, అలా అందరికీ జరుగుతుందని నేను ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పను. ఏశావు మాత్రం యాకోబుకి ఎదురు పరుగెత్తి కౌగిలించుకున్నాడు. అది ఇద్దరూ బతికి ఉండగానే జరిగింది.

నాయనమ్మ నీకు ఒక మాట రాయమంది. నా మాటల మధ్య కలపకుండా విడిగా రాయమంది. నేను రాసింది తన మాటేనని నువ్వు నమ్మేందుకు కింద తన వేలిముద్ర వేస్తానంది. ఇకమీదట తన పేరు మీద ఏం రాసినా అలాగేనట, అది నాకు పెట్టిన షరతు. పెన్ను గొట్టంలోంచి ఇంకు తీసి బొటనవేలికి నేనే పూశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇది:

"ఒరే పెద్దోడా, ఆడు రాకపోయినా పర్నేదు. నువ్వు అడుగు. అడిగినకాడల్లా, సూరయ్య అని నా తమ్ముడు, ఎక్కడైనా సూసినారేటి అని అడుగు. ఆ మాట నీ నోట్లోంచి రానీ. అది నాకు సాలు."

వేలిముద్ర కాస్త అలికినట్టు పడింది. రెండోసారి వేయిస్తానంటే ఒప్పుకోలేదు.

ఇట్లు,
నీకు అక్షరాలు దిద్దించి, తానే తప్పు చదివిన
నీ కూతురు
నీలవేణి