వేరే బండి క్రాంక్‌షాఫ్ట్

జూన్ 2, సోమవారం. సాయంత్రం

అక్క వ్యాన్ ఇవాళ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. లోపల నలుగురు డయాలసిస్ పేషెంట్లు. వారానికి మూడుసార్లు వాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇళ్ల దగ్గర దింపడమే అక్క పని. కింద ఏదో ఫట్‌మని విరిగిందట. ఇంజిన్ అక్కడికక్కడే బిగుసుకుపోయింది.

ముగ్గురు టాక్సీలో వెళ్లిపోయారు. లెక్కల మాస్టారు వీల్‌చైర్‌లో ఉంటారు. ఇంజిన్ తిరగకపోతే వ్యాన్ లిఫ్ట్ కిందకి దిగదు. చివరికి దారినపోయేవాళ్లు నలుగురు కుర్చీతో సహా ఎత్తి దింపారు. అప్పటికే ఆసుపత్రిలో ఆయన టైమ్ అయిపోయింది. రేపు రమ్మన్నారు.

వ్యాన్‌ని తాడు కట్టి మా షాపుకి లాక్కొచ్చారు.

జూన్ 3, మంగళవారం. పగలు 11

ఇంజిన్ విప్పాను. క్రాంక్‌షాఫ్ట్ రెండు ముక్కలు. పిస్టన్ల పైకీ కిందికీ కదలికని గుండ్రపు తిరుగుడుగా మార్చేది ఇదే. ఇది విరిగాక ఇంజిన్‌లో ఇంకేం మిగలదు. పాతబడింది, పోయింది, అంతే అన్నాడు మా ఆయన. షాపు ఆయనది, గ్రైండింగ్ మెషిన్ నాది. పంతొమ్మిదేళ్లుగా అంతే.

విరిగిన ముక్కలు రెండూ తుడిచి వెలుతురులోకి తెచ్చాను.

అదే రోజు, మధ్యాహ్నం 3

రాయాలి. రాయకపోతే రేపటికి నాకు నేనే ఏదో ఒక కథ చెప్పుకుంటాను.

పిస్టన్ కడ్డీలు పట్టుకునే పిన్‌లు దీనికి నాలుగు, విరిగింది మూడో పిన్ మూల దగ్గర. పిన్ పక్కగోడలో కలిసే చోట ఆ మూల గుండ్రంగా ఉండాలి. ఇక్కడ కత్తిలా ఉంది, గోటికి తగులుతోంది. పగులు అక్కడే పుట్టి, మెల్లగా పాకి, నిన్న తెగింది. పక్కన నేను సుత్తితో కొట్టే గుర్తు, నా అంకె. మూడేళ్ల కిందట దీన్ని గ్రైండ్ చేసింది నేనే.

మెషిన్‌కి కొత్త సానరాయి వేసిన వారం అది. కొత్త రాయికి అంచు చదరంగా ఉంటుంది. డైమండ్ ముక్కతో గుండ్రంగా చెక్కాకే వాడాలి. పని మీద పని. చెక్కలేదు.

ఇప్పుడే అక్క ఫోన్. డయాలసిస్ తప్పి ఒంట్లో నీరు చేరి, మాస్టారికి ఊపిరాడక ఐసీయూలో వేశారట.

జూన్ 4

ఈ మోడల్ క్రాంక్‌షాఫ్ట్‌లు తయారీ ఎప్పుడో ఆపేశారు. ఏడు షాపులకి ఫోన్ చేశాను. లేదు, లేదు, లేదు. వేరే ఇంజిన్ పెట్టేద్దామంటే లిఫ్ట్ పంపు ఈ ఇంజిన్ బ్లాకుకే బిగించి ఉంది. లిఫ్ట్ మొత్తం కొత్తగా కట్టాలి, నెలల పని.

పాత కార్లు విప్పి అమ్మే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అదే కంపెనీ వాళ్ల పెద్ద కారు ఇంజిన్లున్నాయి, ఒకదాని క్రాంక్‌షాఫ్ట్ తీయించాను. అక్కడే నేల మీద కూర్చుని కొలిచాను. పొడవు ఒకటే. బ్లాకులో కూర్చునే చోట్లు ఒకటే. తేడా రెండు చోట్లే. దీని పిన్‌లు నాలుగు మిల్లీమీటర్లు లావు. పిస్టన్‌ని నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ దూరం కదుపుతుంది. ఉన్నదున్నట్టు పెడితే పిస్టన్ రెండు మిల్లీమీటర్లు పైకొచ్చి మూతలా ఉండే హెడ్‌ని గుద్దుతుంది.

ఆ లావే నాకు కావాలి. పిన్‌ని నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకి జరిపి గ్రైండ్ చేస్తే రెండు తేడాలూ ఒకేసారి పోతాయి. ఒక వైపు నాలుగు మిల్లీమీటర్లు పోవాలి. ఎదుటి వైపు ఏమీ పోకూడదు.

గుర్రానికి ఎద్దు కాళ్లు అతుకుతావా అమ్మా అని పెద్దాయన ఒకటే నవ్వు. అతుకుతాను, తూకం వెయ్యండి అన్నాను.

జూన్ 5

మా ఆయనకి మూల చూపించాను. గోటితో తడిమి చూశాడు. అరిగి విరిగిందని చెప్పేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. నాకు తెలుసు కదా అన్నాను. షాపు పేరు పోతుందన్నాడు. టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

జూన్ 6, శుక్రవారం

ఆసుపత్రి వరండాలో అక్కకి చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

నీకెప్పుడు తెలిసింది అని అక్క అడిగింది.

మంగళవారం అన్నాను.

ఇవాళ శుక్రవారం అంది. బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

జూన్ 8

పెద్దాయన దగ్గర తెచ్చిన క్రాంక్ పనికిరాలేదు. పిన్ లోపలి వైపు పాత గీత ఒకటి ఉంది. అది పోవాలంటే ఇంకా తియ్యాలి, తియ్యడానికి అక్కడేమీ లేదు.

జూన్ 9

రెండోది తెచ్చాను. ఈసారి పెద్దాయన నవ్వలేదు. ఉన్న నాలుగూ బయటికి తీసి, చూసుకుని తీసుకోమన్నాడు.

జూన్ 10

పొద్దున ఏడింటికి మెషిన్ ఎక్కించాను. ముందు రాయి. అంచుని డైమండ్‌తో గుండ్రంగా చెక్కి, గుండ్రం కొలిచే గేజ్ పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాను. సందు లేదు. మళ్లీ చూశాను.

ఒక్కో పిన్‌కి రెండేసి గంటలు. రాయి ఒక వైపే తగులుతూ, ఎదుటి వైపుకొచ్చేసరికి గాలిలో తిరుగుతోంది. చప్పుడు కుంటినడకలా ఉంది. పోనుపోను ఆ కుంటి తగ్గుతుంది. చప్పుడు నిండుగా అయిన క్షణాన ఆపాలి. రాయిని చల్లార్చే నీళ్లు మొహం మీదికి చిమ్ముతున్నాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు. మా ఆయన అన్నం తెచ్చి పక్కన పెట్టి, కొలత తనూ ఒకసారి చూసి వెళ్లాడు.

సాయంత్రం ఆరు. నాలుగు పిన్‌లూ వచ్చాయి. మూలలన్నీ వేలితో తడిమాను. గోరు ఎక్కడా ఆగలేదు.

జూన్ 12

గట్టిపరచడానికి ఫ్యాక్టరీకి పంపాను. పైపొర మొత్తం తీసేశాను కదా, అలాగే వాడితే మెత్తగా అరిగిపోతుంది. వేడికి వంగకుండా వస్తే చాలు.

మాస్టారిని వార్డులోకి మార్చారు. వెళ్లాను. గుండ్రంగా ఉండాల్సిన మూలని అలాగే వదిలేశానని, నావల్లే జరిగిందని చెప్పాను. ఆయన కోప్పడలేదు, అడిగారు. ఆ మూల ఎంత గుండ్రంగా ఉండాలమ్మా? రెండున్నర మిల్లీమీటర్లు అన్నాను. ఎంత ఉంది? సున్నా. ఒక లెక్క తప్పు చేసినవాడు అదే పద్ధతిలో మిగతావి కూడా చేసి ఉంటాడుగా, అవి దిద్దావా అని అడిగారు.

ఇన్ని రోజులూ నేను ఒక్క వ్యాన్ గురించే ఆలోచిస్తున్నాను.

జూన్ 13

మూడేళ్ల కిందటి పనుల పుస్తకం తీశాను. ఆ రాయి వేసిన రోజు నుంచి మొదటిసారి చెక్కిన రోజు వరకు, అక్క వ్యాన్ కాక పదకొండు బళ్లు.

ఫోన్లు మొదలుపెట్టాను. ఒకాయన తిట్టాడు. ఒకావిడకి ఏమీ అర్థం కాలేదు, బండి తీసుకురమ్మని మాత్రం ఒప్పించాను. మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. ఐదో ఫోన్ అయ్యాక, నీ గొంతు పోయింది ఇటివ్వు అని పుస్తకం లాక్కున్నాడు. ఆరోవాడితో, తప్పు మాదేనండీ అనడం విన్నాను.

జూన్ 15

క్రాంక్ వచ్చింది. మిల్లీమీటరులో నూరో వంతులు ఎనిమిది వంగింది. ప్రెస్‌లో పెట్టి, నొక్కుతూ, కొలుస్తూ, ఒక వంతుకి తెచ్చాను. బరువు సరిచూసి బ్లాకులో కూర్చోబెట్టాను. చేత్తో తిప్పితే తిరిగింది. ఎక్కడా తగలలేదు.

జూన్ 18, బుధవారం

పొద్దున ఆరున్నరకి అక్క వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత. పలకరించలేదు. స్టార్ట్ చేసింది. ఒక్క తిప్పుకే అందుకుంది. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి వింటూ కూర్చుంది. లిఫ్ట్ దించింది, ఎత్తింది. తర్వాత దిగొచ్చి పక్క తలుపు తీసి, ఎక్కు అంది.

ఎక్కడికి అన్నాను.

మిగతా ముగ్గురు పేషెంట్లనీ ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, మాస్టారిని వార్డులో చూసొద్దాం అంది. ఏం జరిగిందో వాళ్లకి నువ్వే చెప్పు, నేను నడుపుతాను అంది.

చెప్పాను. ముగ్గురికీ, ముగ్గురి గుమ్మాల్లోనూ. ఒకాయన నేనుండగా వ్యాన్ ఎక్కనన్నారు. దిగి, ఆసుపత్రి దాకా వెనక నడిచి వచ్చాను.

జూలై 9

పదకొండులో పది దొరికాయి. అన్నిట్లోనూ ఆ మూల అలాగే ఉంది. రెండింటికి పగులు మొదలైంది.

పదకొండోది చేతులు మారి మారి పోయింది. తెల్ల కారు అని తప్ప ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

పొద్దున గంటసేపు కూడలిలో నిలబడి, పోయే బళ్ల ఇంజిన్ చప్పుళ్లు విన్నాను. ఎన్నెన్ని తెల్ల కార్లో.