వాకిట్లో చెప్పులు

గద్వాల,
15-11-2006.

అమ్మకు, నాయినకు ప్రేమలత వందనాలు. మేమిద్దరం క్షేమం. నాయినా, ఈ ఉత్తరం అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

నిన్న పొద్దున ఆరు గంటలకు శివ హైదరాబాదు బస్సెక్కాడు. నేను ఆపలేదు.

పెళ్లయిన నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. నేసిన చీరలు ఇచ్చి రావడానికి ఆయన ఊరు దాటాల్సి వచ్చినప్పుడల్లా నేనేం చేసేదాన్నో మీకు సగమే తెలుసు. చెప్పులు దాచేదాన్ని. పోయిన ఎండాకాలం మగ్గం మీది దారాలు కత్తెరతో కోసేశాను. పొద్దున దేవుడన్న మనిషిని మధ్యాహ్నం మోసగాడన్నాను, సాయంత్రం కాళ్లు పట్టుకున్నాను. ఇంక నావల్ల కాదని ఆయన అన్నాకే కర్నూలు దవాఖానకు పోయాం.

డాక్టరు షాజియా మేడం రెండు సంగతులు చెప్పింది. కొన్ని వారాలు నిద్ర అక్కర్లేని హుషారు, ఆ తర్వాత మంచం దిగలేని దిగులు, ఇది ఒక జబ్బు. దీనికి మాత్రలున్నాయి. అయినవాళ్లు వదిలేసి పోతారన్న భయం వేరే. అది ఒక్క మాత్రలతో పోదు, మాట్లాడి మాట్లాడి తగ్గించుకోవాలంది. "చిన్నప్పుడు నిన్ను ఎవరు ఇడిచిపెట్టి పోయిండ్రు బేటా?" అని అడిగింది.

మన వాడ సంగతి చెప్పాను. పుణె పనికి పోయేవాళ్లు పిల్లలకు చెప్పేవాళ్లు కాదు. చెబితే ఏడుస్తారని, నిద్రలో ఉండగానే మేస్త్రి లారీ ఎక్కేవాళ్లు. నేను లేచి అడిగితే వెంకటమ్మ అవ్వ "సంతకు పోయిండ్రు, మాపటికి వస్తరు" అనేది. ఆరేళ్ల పిల్లను, నమ్మి ఉగాది దాకా వాకిట్లో కూర్చున్నాను. మేడం మిమ్మల్ని తప్పుపట్టలేదు. నేనూ పట్టడం లేదు. వాడలో అందరూ చేసిందే మీరూ చేశారు.

శివకు మేడం ఒకటే పని చెప్పింది. నేను మేలుకున్నాక, ఎప్పుడు వచ్చేదీ చెప్పి పోవాలి. నిన్న "ప్రేమా, పోతున్న. గురువారం మాపటికి వస్త" అన్నాడు. అలవాటుగా చెప్పుల కోసం మంచం కిందికి వంగాడు. "వాకిట్లనే ఉన్నయ్. ఛాయ్ తాగి పో" అన్నాను. నమ్మలేదు. వాకిట్లోకి తొంగి చూసి వచ్చి కూర్చున్నాడు.

ఆయన పోయాక గుండె దడ వచ్చింది. దడతోనే అన్నం వండుకుని తిన్నాను. మధ్యాహ్నానికి తగ్గింది.

మీ బిడ్డ,
ప్రేమలత

తా.క. అమ్మా, ఒక సంగతి మేడంకు కూడా చెప్పలేదు. మీరు మొదటిసారి పోయిన పొద్దు నేను నిద్రపోలేదు. నువ్వు నాకు దుప్పటి కప్పి, గాజులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని లేచావు. నేను కళ్లు తెరిస్తే నువ్వు పోలేవని మూసుకునే ఉన్నాను.

ఈ ఆదివారం పొద్దున ఐదింటికి మీరు మన అమరచింతలో పుణె లారీ ఎక్కుతున్నారని కబురు అందింది. శనివారం సాయంత్రం బస్సుకు నేను, శివ వస్తాం. నీ పక్కనే పడుకుంటాను. పోయే ముందు నన్ను లేపు.